ఆదివారం తీయని రీడింగు సోమవారం రాయమంటున్నారు, విశ్వాసిగా ఏం చేయాలి?

కొత్త స్టోర్‌కీపర్ (ప్రశ్న)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

టీకాలు, ఇన్సులిన్ నిల్వ ఉంచే కోల్డ్‌రూమ్‌లో పని చేస్తున్నాను. ఈ విభాగానికి కొత్తగా వచ్చాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి రిజిస్టరులో రాసి పొట్టి సంతకం పెట్టాలి. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చెప్పుకోవడానికి చాలా చిన్న పని.

నిన్న ఆదివారం డ్యూటీ నాది కాదు, నాతో పనిచేసే ఇంకొకతనిది. వాళ్ళ పాపకి జ్వరం బాగా ఎక్కువై రాలేకపోయాడు. ఆ కంగారులో ఎవరికీ కబురు పెట్టలేదు. ఈ రోజు పొద్దున రిజిస్టరు తెరిస్తే ఆదివారం గడులు రెండూ ఖాళీగా ఉన్నాయి. మా సూపర్‌వైజరు గారికి చూపించాను. ఆయన పెద్దగా ఆలోచించకుండానే, "శనివారం 4.6 ఉంది కదా, ఆదివారానికి 4.5, 4.7 వేసెయ్. సంతకం అతను వచ్చాక పెడతాడు" అన్నారు. గురువారం తనిఖీకి వస్తున్నారట. బుధవారం సాయంత్రానికల్లా రిజిస్టరు నిండి ఉండాలన్నారు.

నాకు మనసొప్పలేదు. "తీయని రీడింగు ఎలా రాస్తాను సార్?" అన్నాను. అప్పుడాయన అన్న మాట నన్ను ఇంకా పట్టుకునే ఉంది. ఆయన కూడా విశ్వాసే. నాకీ ఉద్యోగం రావడంలో ఆయన మాటసాయం ఉంది. "ప్రేమ అనేక పాపములను కప్పును అని పేతురు రాయలేదా? అతని ఇంట్లో పరిస్థితి చూడు. నువ్వు నీతిమంతుడివి అనిపించుకోవడానికి అతని ఉద్యోగం పోవాలా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి బైబిల్ తీస్తే ఇంకా చిక్కుపడ్డాను. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో మంత్రసానులు ఫరోతో ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు, అయినా దేవుడు వాళ్ళకి మేలు చేశాడు. మరి సాటి ఉద్యోగిని కాపాడటానికి రెండు అంకెలు వేస్తే అది పాపమా, ప్రేమా? గది కూడా బాగానే ఉంది, ఈ పొద్దున 4.4 చూపించింది.

రాయాలా? రాయనని చెప్పి ఉద్యోగం వదిలేయాలా? పైవాళ్ళకి చెప్పాలా? ప్రార్థన చేయమని మాత్రం రాయకండి, చేస్తూనే ఉన్నాను. ఆ ఖాళీ గడి ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు నా చెయ్యి ఏం చేయాలో చెప్పండి.

యువ విశ్వాసి

బ్రదర్, ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది? "మీరు వారి మధ్యనుండి బయలువెడలి ప్రత్యేకముగా ఉండుడి" అని 2 కొరింథీ 6:17లో స్పష్టంగా ఉంది. అబద్ధం రాయించే చోట విశ్వాసికి పనేంటి? రేపే రాజీనామా ఇచ్చేయండి. దానియేలు సింహాల గుహకైనా వెళ్ళాడు గానీ రాజీ పడలేదు. దేవుడు మీకు ఇంకో తలుపు తెరుస్తాడు. విశ్వాసంతో అడుగు వేయండి.

రిటైరైన నర్సు

బాబూ, నేను ఏళ్ళ తరబడి పసిపిల్లలకి టీకాలు వేసినదాన్ని. నువ్వు నింపే రిజిస్టరుకి అటు చివర నిలబడ్డదాన్ని. అందుకే కాస్త ఎక్కువ రాస్తాను, ఓపికగా చదువు.

హెపటైటిస్ బి టీకా, ధనుర్వాతం టీకా లాంటివి ఒక్కసారి గడ్డకట్టాయంటే ఇక పనికిరావు. ఇన్సులిన్ కూడా అంతే, గడ్డకట్టిందాన్ని వాడకూడదు. కరిగాక సీసా పైకి మామూలుగానే కనబడొచ్చు. కొన్ని సీసాల మీద ఉండే వీవీఎమ్ గుర్తు వేడి తగిలితే రంగు మారుతుంది గానీ గడ్డకట్టిన సంగతి చెప్పదు. సూది పట్టుకున్న నర్సు ఆ సీసాని నమ్ముతోందంటే, వెనక ఎవరో చూసి రాశారన్న ధైర్యంతోనే. ఆ తల్లి ఒడిలోని బిడ్డకి మందు వేశామో, శక్తి పోయిన నీళ్ళు వేశామో ఆ రోజు ఎవరికీ తెలియదు. సోమవారం పొద్దున 4.4 ఉందన్నావు. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందేమో, కంప్రెసరు ఆగక తిరిగి సున్నాకి దిగిందేమో సోమవారం అంకె ఎలా చెబుతుంది?

ఇప్పుడు మంత్రసానుల సంగతి. షిఫ్రా, పూయా ఫరోకి ఎందుకలా చెప్పారు? అతను మగబిడ్డల్ని చంపమన్నాడు, వాళ్ళు దేవునికి భయపడి బతకనిచ్చారు. వాళ్ళు చెప్పింది తప్పా ఒప్పా అని పెద్దపెద్ద బోధకులే శతాబ్దాలుగా వాదించుకున్నారు, ఆ జోలికి నేను పోను. కానీ ఎవరి ప్రాణం ఎటువైపు ఉందో చూడు. అక్కడ రాజు చేతికి చిక్కకుండా పసికందుల్ని కాపాడుకున్నారు. నీ రెండు అంకెలు ఎవరిని కాపాడతాయి? పెద్దవాళ్ళం మనల్ని. ప్రమాదం ఏదైనా ఉంటే అది పసిబిడ్డకి పోతుంది. ఆ కథ నీ సూపర్‌వైజరు పక్షాన నిలబడదు, నాయనా.

పేతురు మాట కూడా అంతే. నాకు జరిగిన నష్టాన్ని నేను ప్రేమతో కప్పేయగలను. నీ తోటి ఉద్యోగి డ్యూటీకి రాక నీ పని పెరిగింది, దాన్ని కప్పేయి, నలుగురిలో అనకు. ఊరూపేరూ తెలియని మూడో మనిషికి జరగబోయే నష్టాన్ని కప్పే హక్కు మాత్రం మనకెవరికీ లేదు. "ప్రతివాడును తన పొరుగువానితో సత్యమే మాటలాడవలెను" అని ఎఫెసీ 4:25 చెబుతోంది. నీకు పొరుగువాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు పక్క కుర్చీలో ఉన్నారు, ఆయన కష్టం నీకు కనబడుతోంది. ఇంకొకరు నీకు ఎప్పటికీ కనబడరు. కనబడని ఆ పొరుగువాడి కోసమే ఆ రిజిస్టరు పెట్టారు.

అయితే ఉద్యోగం వదిలేయమన్న తమ్ముడితో నేను ఒప్పుకోను. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి పన్ను వసూలు చేసే సుంకరులు వచ్చి ఏం చేయాలని అడిగితే, బల్ల వదిలేసి రమ్మనలేదు. నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులకీ అంతే, ఎవరినీ బాధపెట్టొద్దు, అపనింద వేయొద్దు, జీతంతో తృప్తిగా ఉండమన్నాడు. లూకా 3వ అధ్యాయం చూడు. ఇశ్రాయేలు రాజు అహాబు ఇంటి వ్యవహారాలన్నీ ఓబద్యా చేతిలో ఉండేవి. అంతకన్నా చెడ్డ యజమాని దొరుకుతాడా? ఆ కొలువులో ఉంటూనే ఓబద్యా నూరుగురు ప్రవక్తల్ని గుహకి యాభై మంది చొప్పున దాచి అన్నం నీళ్ళు పెట్టాడు. నమ్మకమైనవాడు ఒకడు ఆ రిజిస్టరు దగ్గర ఉండటం ఎంత అవసరమో ఆలోచించు. నువ్వు వెళ్ళిపోతే నీ స్థానంలోకి వచ్చేవాడు 4.5, 4.7 వేసి టీ తాగడానికి వెళ్ళిపోతాడు.

దానియేలు పేరు వస్తే అందరం సింహాల గుహకి పరుగెత్తుతాం. నువ్వు 6వ అధ్యాయం కాదు, మొదటి అధ్యాయం చదువు. రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని అతను ముందే నిశ్చయించుకున్నాడు. కానీ పళ్ళెం విసిరికొట్టలేదు, అధిపతిని వేడుకున్నాడు. అధిపతి భయపడ్డాడు, మీ ముఖాలు వాడిపోతే రాజు దగ్గర నా తల పోతుందన్నాడు. దానియేలు ఆ భయాన్ని చులకన చేయలేదు. తమ మీద నియమించిన వాడి దగ్గరికి వెళ్ళి, పది రోజులు శాకధాన్యాలు, నీళ్ళు ఇచ్చి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాడు. తన మనస్సాక్షిని వదులుకోలేదు, ఎదుటి మనిషి మెడ మీద కత్తినీ మర్చిపోలేదు. మీ సూపర్‌వైజరు గారికి కూడా గురువారం తనిఖీ మెడ మీదే ఉంది. ఆయన్ని అహాబులా చూడకు.

మరి నీ శాకధాన్యాలేవి? మీ గదిలో ఉన్నది గరిష్ఠ కనిష్ఠ థర్మామీటరేనా? అయితే చివరిసారి రీసెట్ నొక్కినప్పటి నుంచి ఎంత పైకి వెళ్ళిందో, ఎంత కిందికి దిగిందో అది గుర్తుపెట్టుకుంటుంది. శనివారం సాయంత్రం తర్వాత ఎవరూ నొక్కకపోతే ఆదివారం సంగతి అందులోనే ఉంది. ఉష్ణోగ్రతని తనంతట తానే నమోదు చేసుకునే డేటా లాగర్ ఉంటే ఇంకా మంచిది. పొద్దున్నే వెళ్ళి ముందు అది చూడు, రీసెట్ మీద చెయ్యి వేయకు. ఆ తర్వాత సూపర్‌వైజరు గారి దగ్గరికి ఒంటరిగా వెళ్ళు. "సార్, తీయని రీడింగు నేను రాయలేను. కానీ ఆదివారం గది ఎలా ఉందో నిజంగా చూపించే దారి ఒకటుంది, అది రాద్దాం" అను. రాయలేను అన్న మాట దగ్గర ఆగిపోకు, రెండో మాట కూడా చెప్పు.

లెక్కలు తనిఖీ చేసేవాడు

నర్సమ్మ గారు చెప్పాక వాక్యంలో నేను కలపాల్సింది కొంచెమే. నా ఉద్యోగం రిజిస్టర్లకి రెండో వైపున, అంటే వాటిని తనిఖీ చేయడం. కాబట్టి చెయ్యి ఏం చేయాలన్న ప్రశ్నకి సూటిగా చెబుతాను.

ఖాళీ గడిని ఖాళీగా వదిలేయకండి. దాన్ని తర్వాత ఎవరైనా నింపేయగలరు. గడిలో ఒక గీత కొట్టి, "రీడింగు తీయలేదు" అని రాసి, మీరు రాస్తున్న రోజు తేదీ, టైము వేసి మీ సంతకం పెట్టండి. ఆదివారం తేదీ వేయకండి. గరిష్ఠ కనిష్ఠ అంకెలు దొరికితే వాటిని ఆదివారం గడిలో ఇరికించకండి. రిమార్కుల గడిలో, ఫలానా రోజు ఇన్ని గంటలకి చూసినప్పుడు శనివారం సాయంత్రం నుంచి కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత అని రాయండి. కారణం ఒక్క వాక్యంలో ఉంటే చాలు, "డ్యూటీ సిబ్బంది అత్యవసరం వల్ల రాలేదు". పాప జ్వరం గురించి, సూపర్‌వైజరు ఏమన్నారో దాని గురించి రిజిస్టరులో అక్షరం కూడా వద్దు. రిజిస్టరు ఉష్ణోగ్రత రాసే చోటు, ఫిర్యాదు రాసే చోటు కాదు.

ఖాళీ గడి కనబడితే నేను కారణం అడుగుతాను, జవాబు సరిగ్గా ఉంటే రాసుకుని ముందుకి వెళతాను. మనుషులన్నాక ఒక రోజు తప్పుతుంది. కానీ 4.6, 4.5, 4.7 అని నున్నగా సాగి, లాగర్ ఇంకోటి చూపిస్తే, అప్పుడు ఆ రెండు గడులే కాదు, ఆ పుస్తకం మొత్తం మీద నమ్మకం పోతుంది. మీ తోటి ఉద్యోగి రాలేదన్నది సెలవు విషయం. రానివాడు వచ్చినట్టు సంతకం పెడితే అది దొంగ రికార్డు. ఆయన్ని కాపాడాలనుకునే సూపర్‌వైజరు గారు ఆయన్ని చిన్న గుంటలోంచి తీసి బావిలో వేస్తున్నారు.

పౌలు యెరూషలేము పరిశుద్ధుల కోసం చందా పోగుచేసినప్పుడు, ఆ డబ్బు తన నమ్మకం మీద ఒంటరిగా మోసుకుపోలేదు. తీతును, సంఘాలు ఏర్పరచిన సహోదరుల్ని కలిపి పంపాడు. "ప్రభువు దృష్టియందు మాత్రమే గాక మనుష్యుల దృష్టియందును" యోగ్యంగా ఉండాలన్నాడు, 2 కొరింథీ 8:21. అపొస్తలుడికే రెండో జత కళ్ళు కావాల్సి వచ్చాయి. యూదా రాజు యోవాషు కాలంలో మందిరం బాగుచేయడానికి పెట్టె పెట్టినప్పుడు కూడా రాజు ప్రధానమంత్రి, ప్రధానయాజకుడు ఇద్దరూ వచ్చి లెక్క చూసేవారు. ఈ రెండు చోట్లా లెక్కని ఎవరూ అవమానంగా తీసుకోలేదు. ఈ మాట మన సంఘాల్లో ఎక్కువగా బోధించాలని నా కోరిక. విశ్వాసులం కదా, లెక్కలెందుకు అనే మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

ఒక్క విషయంలో నర్సమ్మ గారి కంటే కొంచెం కఠినంగా చెబుతాను. మెత్తగా అడగండి, సరే. కానీ సూపర్‌వైజరు గారు ఒప్పుకోకపోతే ఏం చేస్తారో వెళ్ళేముందే తేల్చుకోండి. దానియేలుకి పది రోజుల పరీక్ష నెగ్గింది. అదే పుస్తకం 3వ అధ్యాయంలో, అగ్నిగుండంలో వేస్తానని రాజు బెదిరించినప్పుడు, దేవుడు రక్షించగలడంటూనే అతని స్నేహితులు "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని కూడా అన్నారు. సూపర్‌వైజరు గారు కోప్పడొచ్చు, మిమ్మల్ని వేరే విభాగానికి పంపొచ్చు. ఆయనే స్వయంగా ఆ అంకెలు వేస్తే మీరు ఊరుకోలేరు, పైవాళ్ళకి చెప్పక తప్పదు. ఆ గదిలో ఉన్నవి మందులు. మత్తయి 18:15-16 ప్రకారం మొదట ఒంటరిగా, ఆయన వినకపోతే ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్ళండి.

యువ విశ్వాసి

రాజీనామా ఇవ్వమని అంత గట్టిగా అన్నాను గానీ, లూకా 3వ అధ్యాయాన్ని ఇటువైపు నుంచి ఎవరూ చూపించలేదు. ఓబద్యా గురించి ఈ రాత్రి చదువుతాను. అన్నా, రేపు మీరు లోపలికి వెళ్ళేటప్పుడు నేను ప్రార్థనలో ఉంటాను, మీరు రాయొద్దన్నా సరే.

కొత్త స్టోర్‌కీపర్

అందరికీ వందనాలు. ఈ రోజు బుధవారం. జరిగింది చెబుతాను.

నిన్న పొద్దున ముందు థర్మామీటరు చూశాను. గరిష్ఠ కనిష్ఠ రకమే, శనివారం సాయంత్రం తర్వాత ఎవరూ రీసెట్ నొక్కలేదు. కనిష్ఠం 3.1, గరిష్ఠం 6.8. గది ఎక్కడా హద్దు దాటలేదు. అది చూశాక ఒక్క క్షణం, ఇక అంకెలు వేస్తే మాత్రం ఏమవుతుందిలే అనిపించింది. కానీ ఆదివారం పొద్దున 4.5 ఉందని నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. చూసింది రాయడానికే నాకు జీతం ఇస్తున్నారు.

సూపర్‌వైజరు గారి గదిలోకి ఒంటరిగానే వెళ్ళాను. నర్సమ్మ గారు చెప్పిన రెండు మాటలూ చెప్పాను. మొదటి మాటకి ఆయన ముఖం ఎర్రబడింది. "నాకే వాక్యం నేర్పుతావా?" అన్నారు. నేను వాక్యం ఎత్తలేదు. 3.1, 6.8 రాసుకున్న కాగితం బల్ల మీద పెట్టి, ఎలా రాయాలనుకుంటున్నానో చూపించాను. తనిఖీలో అడిగితే చెప్పుకోవడానికి మనకి నిజమైన అంకెలు ఉన్నాయి సార్ అన్నాను. చాలాసేపు కాగితం వైపే చూశారు. చివరికి "గది బాగానే ఉంది కదా, దీనికింత రాద్ధాంతమా? సరే, నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. గురువారం వాళ్ళు అడిగితే నువ్వే జవాబు చెప్పు" అన్నారు. లెక్కల అన్న చెప్పినట్టే గీత కొట్టి రాశాను. ఆయన పక్కన సంతకం పెట్టలేదు, అడ్డు కూడా చెప్పలేదు.

నన్ను బాధపెడుతోంది ఇంకొకటి. తోటి ఉద్యోగి ఈ రోజు డ్యూటీకి వచ్చాడు. రిజిస్టరు చూశాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు, భోజనానికి కూడా వేరే చోట కూర్చున్నాడు. పాపకి తగ్గిందో లేదో కూడా అడగలేకపోయాను. నేను అతని పేరు ఎక్కడా రాయలేదు, కానీ డ్యూటీ చార్టు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. సాయంత్రం అతని ఇంటికి వెళ్ళనా? వెళితే సంజాయిషీ చెప్పుకున్నట్టు ఉంటుందా?

రిటైరైన నర్సు

వెళ్ళు. ఈ సాయంత్రమే వెళ్ళు, రేపు తనిఖీ అయ్యాక కాదు. నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం ముందే వదిలిపెట్టి వెళ్ళమని ప్రభువు చెప్పాడు. తప్పు ఎవరిదో తేలాక వెళ్ళమనలేదు. రిజిస్టరు గురించి అతను ఎత్తేదాకా నువ్వు ఎత్తకు. ముందు పాప గురించి అడుగు. జ్వరం ఎన్నాళ్ళ నుంచి, ఏం మందు వాడుతున్నారు, నీళ్ళు తాగుతోందా, డాక్టరుకి మళ్ళీ చూపించారా అని అడుగు. రాత్రి వాళ్ళిద్దరూ సరిగ్గా నిద్రపోయి ఉండరు, కాసేపు పాప దగ్గర కూర్చుంటానని చెప్పు.

అతను కోప్పడితే విను. చేసిన పనికి క్షమాపణ అడగకు, ఎందుకంటే అది తప్పు కాదు. అతనికి ముందుగా ఒక ఫోన్ చేసి, ఇలా రాయబోతున్నానని చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తే ఆ మాట చెప్పు. ఇంకొకటి, ఇక మీదట ఇలాంటి కష్టం వస్తే ఏ రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి, ఆ డ్యూటీ నేను చేస్తాను అని చెప్పు. చెప్పావంటే చేయాలి సుమా, ఆదివారం ఆరాధన టైమైనా సరే. రెండు రీడింగులు తీసి రావడానికి ఎంతసేపు పడుతుంది?

లెక్కలు తనిఖీ చేసేవాడు

చివరి మాటని సూపర్‌వైజరు గారికి కూడా ఒక ప్రతిపాదనగా ఇవ్వండి. ఆదివారాలకి డ్యూటీ చార్టులో రెండో పేరు ఒకటి ఉండాలి, మొదటివాళ్ళు రాలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో నంబరుతో సహా గది తలుపు మీద అంటించి ఉండాలి. రేపు తనిఖీవాళ్ళు ఖాళీ గడి గురించి అడిగితే, మళ్ళీ జరగకుండా ఏం చేశారన్నదే రెండో ప్రశ్న అవుతుంది. ఆ కాగితం ఆయన చేతిలో ఉంటే జవాబు ఆయనే చెప్పగలరు, మీరు చెప్పాల్సిన పని ఉండదు. ఈ రాత్రికే ఒక చార్టు రాసి పొద్దున్నే ఆయన బల్ల మీద పెట్టండి. రెండో పేరు దగ్గర ముందు మీ పేరే రాయండి.